డమ్మీ మాటలు

సంగీత నాటకం చూడ్డానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది మాటలు వినరు. మిగతా పదిమంది విన్నట్టు నటిస్తారు. పాడేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళకు మాటంటే గొంతుకు అడ్డంపడే ముల్లు. సంగీతం కట్టేవాడికి మాటంటే తన బాణీ తగిలించుకునే మేకు. ఇంతమందికి అక్కర్లేని వస్తువును ఏళ్ళ తరబడి రాసి, కింద పేరు పెట్టుకుని, ఆ పేరు అక్షరాలు చిన్నవయ్యాయని అచ్చాఫీసువాడి మీదికి కయ్యానికి వెళ్ళే మహానుభావుడు మా అన్నయ్య.

థియేటర్లో ఆయన్ని అందరూ కవిగారనేవాళ్ళు. ఇంట్లో వదిన "ఏమండీ" అంటే పలికేవాడు కాదు. నేను "అన్నయ్యా" అన్నా పలికేవాడు కాదు. వీధిలోంచి ఎవరైనా "కవిగారూ" అంటే చాలు, స్నానాలగదిలోంచి కూడా పలికేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ వానాకాలం మొదలైనప్పుడు ఇంట్లో ముగ్గురం. అది వెళ్ళిపోయేసరికి ఇద్దరం మిగిలాం.

నా పని నకళ్ళు రాయడం. నాటకం మొత్తం ఒక పుస్తకంగా రాసి, మళ్ళీ ఎవరి పాత్ర మాటలు వాళ్ళకు విడి కాగితాల మీద రాసివ్వాలి. చెప్పుకోడానికి సులువే. కానీ అన్నయ్య కాగితం మీద రాస్తే కదా! బస్సు టికెట్ల వెనక, మందుల చీటీల వెనక, న్యూస్ పేపర్ల అంచుల మీద, ఒకసారి నా పెళ్ళిచూపులకని తీయించిన ఫోటో వెనక కూడా రాశాడు. అవన్నీ ఆయన జేబుల్లోంచి, మంచం కిందనుంచి ఏరుకొచ్చి వరసగా అతికేదాన్ని నేను. మధ్యలో ఒక పాదం దొరక్కపోతే నేనే ఏదో వేసి అతుకు కనబడకుండా సర్దేదాన్ని. పదేళ్ళు ఇలా సాగాక, ఏది తను రాసిందో, ఏది రాద్దామని అనుకుని వదిలేసిందో ఆయనకే తెలియని స్థితి వచ్చింది. నా చేతిరాతలో ఏది కనబడినా తనదే అనుకునేవాడు.

ఈ పనిలో పడ్డాక నాకో జబ్బు పట్టుకుంది. ఎవరేం మాట్లాడినా, వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పెట్టి కొలత చూసుకునేదాన్ని. పాలవాడు రేపు రానన్నా కొలతే, పక్కింటావిడ మొగుణ్ణి తిడుతున్నా కొలతే. వదిన చూసి నవ్వేది.

"నీ ముందు ఏడవాలన్నా భయమే. ఎన్ని అక్షరాలకు ఏడ్చానో చెప్పేస్తావు" అనేది.

వదిన అదే థియేటర్లో కుట్టుగదిలో పనిచేసేది. ఆ గది పైకప్పు వానాకాలమంతా కారేది. కారేచోటల్లా బకెట్లు పెట్టుకుని, వాటి మధ్య మిషను అటూ ఇటూ జరుపుకుంటూ, పదిమంది సైనికులకు కోట్లు, ఒక రాణికి నాలుగు గౌన్లు కుట్టింది. ఆ థియేటర్ మొత్తంలో కొలత తెలిసి పనిచేసిన మనిషి ఆవిడొక్కతే.

ఇక ఆ ఏటి నాటకం కథ. నవ్వకుండా చెప్పడం కష్టం. ఒక రాజుకు యుద్ధాల పిచ్చి. పొద్దస్తమానం పటాలు పరుచుకుని తల వంచుకుని కూర్చుంటాడు. పక్కన పెళ్ళాం ఉందన్న ధ్యాసే లేదు. రాణి మూడు అంకాలు ఓపిక పట్టి, చివరికి కోట వదిలి వెళ్ళిపోతూ ఒక పాట పాడుతుంది. అంతే కథ.

"ఇలాంటి మొగుడు ఎక్కడైనా ఉంటాడా అన్నయ్యా?" అని అడిగాను, మొహం మామూలుగా పెట్టుకుని.

"అది కల్పన. నీకు అర్థం కాదులే" అన్నాడు.

ఆ వెళ్ళిపోయే పాటకు సంగీతం మేష్టారు బాణీ ముందే కట్టేశాడు. ఆయన మాటలొచ్చేదాకా ఆగే రకం కాదు. తననా తననా అని రాసిన కాగితం అన్నయ్య చేతిలో పెట్టి, "ఇందులో మాటలు పొయ్యండి కవిగారూ" అన్నాడు, సీసాలో నూనె పొయ్యమన్నట్టు. అసలు మాటలు సమయానికి రాకపోతే, కొలత సరిపోయే ఏవో పిచ్చి మాటలు రాసి, పాడేవాళ్ళ నోటికి బాణీ అలవాటయ్యేదాకా వాటితో నెట్టుకురావడం మా దగ్గర మామూలే. వాటిని డమ్మీ మాటలు అనేవాళ్ళం. అంతకుముందు ఏటి నాటకంలో కథానాయకుడు మూడు వారాలపాటు నా దగ్గుమందు చీటీ పాడాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పాడాడు.

అన్నయ్య ఆ పాట కోసం కుస్తీ పడుతున్న రోజుల్లోనే వదిన పుట్టింటినుంచి కబురొచ్చింది. తల్లికి బాగాలేదు, కూతుర్నీ అల్లుణ్ణీ కలిపి చూడాలంటోంది. ఆ ఊరికి సాయంత్రం నాలుగింటికి ఒకటే బస్సు.

మూడింటికి వదిన సంచీ సర్దుకుని వచ్చింది. అన్నయ్య ముందుగదిలో బల్ల మీద తల వంచుకుని ఉన్నాడు. నేను పక్కగదిలో రెండో అంకం నకలు తీస్తున్నాను. తలుపు ఓరగా ఉంది. అంతా వినిపిస్తోంది.

"ఏమండీ, బస్సు వేళవుతోంది."

"ఉండు. వస్తున్నట్టే ఉంది."

వదిన ఉంది. వాన వెలిసింది. గోడ గడియారం మూడున్నర కొట్టింది.

"ఏమండీ" అంది మళ్ళీ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "చెప్పులు వేసుకుని నిలబడ్డాను. ఒక్కసారి తలెత్తి చూడండి. తలుపు తీసే ఉంది. వాన కూడా తగ్గింది. రానని చెప్పండి, పోనీ, పొమ్మనైనా అనండి. దారి నాకు తెలుసు."

"అబ్బా, ఒక్క నిమిషం ఉండవే! నోటిదాకా వచ్చింది, పోగొట్టావు."

నాలుగయింది. బస్సు వెళ్ళిపోయింది. వదిన ఇంకో పావుగంట అలాగే నిలబడి, చెప్పులు విప్పి, సంచీ లోపల పెట్టి పొయ్యి వెలిగించింది. మర్నాడు పొద్దున్నే రైలుకు ఒక్కతే వెళ్ళింది. వెళ్ళేసరికి తల్లి లేదు.

అన్నయ్య కూడా వెళ్ళాడు లెండి, ఆ తర్వాత. ఒక పూట ఉండి, రిహార్సలుందని వచ్చేశాడు. వదిన పదిహేను రోజులకు తిరిగొచ్చింది. ఆవిణ్ణి చూసి గుమ్మందాకా వెళ్ళి, "అమ్మ పోవడమంటే సగం ఆకాశం కూలిపోవడమే" అన్నాడు. అన్నాక ఆ ముక్క తనకే నచ్చింది కాబోలు, జేబులోంచి బస్సు టికెట్ తీసి వెనక రాసుకున్నాడు. వదిన సంచీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఆయన రాయడం అయ్యేదాకా.

రెండు రోజుల తర్వాత పాత్రల కాగితాలు ఇవ్వడానికి థియేటర్‌కు వెళ్ళి, కుట్టుగదిలోకి తొంగిచూశాను. వదిన రాణి గౌనుకు చేతులు అతుకుతోంది. పక్కన పీట మీద ఒక తాళంచెవి ఉంది.

"అమ్మ కుట్టుకొట్టుది" అంది, నేను అడక్కుండానే. "రెండు మిషన్లున్నాయి. వెనకాల ఒక గది. ఎవరికైనా ఇచ్చేద్దామా, నేనే వెళ్ళి కూర్చుందామా అని ఆలోచిస్తున్నా."

"నువ్వు వెళ్ళిపోతే ఎలా వదినా?"

"ఆ రోజు నేనేమన్నానో ఆయనకి గుర్తుందా లేదా, అదొక్కటే చూడాలనుంది. తిట్టనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. ఆ రోజు నువ్విలా అన్నావు కదా అని ఒక్క మాటంటే చాలు, తాళంచెవి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా. నాటకం మొదలయ్యేదాకా చూస్తాను." దారం పళ్ళతో తెంపి, "నువ్వు మాత్రం గుర్తుచెయ్యకు. నా మీద ఒట్టు" అంది.

గుర్తుచెయ్యననే అన్నాను. ఒట్టు గట్టుమీద పెట్టే మనిషిని కాను. కానీ ఒట్టుకు పక్కనుంచి దారి ఉందేమో వెతికే బుద్ధి మాత్రం మా ఇంటి రక్తంలోనే ఉంది.

నాటకం ఇంకా పన్నెండు రోజులుంది. పాటకు మాటలు లేవు. రాణి వేషం వేసే పాటగత్తెను మేమంతా వెనకాల శంఖం అనేవాళ్ళం. అంత గొంతు, అంత ఖాళీ. ఆవిడ తననా తననా అని ఎంతకాలం పాడాలని అలిగి కూర్చుంది. సంగీతం మేష్టారు నా మీద విరుచుకుపడ్డాడు.

"మీ అన్నయ్యకు మాటలు పుట్టేసరికి నేను పోతాను. ఏదో ఒకటి రాసివ్వమ్మా, డమ్మీ అయినా సరే! ఈవిడ నోరు తెరిస్తే చాలు."

ఇంటికొచ్చి ఆ తననా కాగితం ముందు పెట్టుకున్నాను. ఎక్కువసేపు పట్టలేదు. వదిన అన్న మాటలు ఆ కొలతలో పోశాను. ఒకటి రెండుచోట్ల సర్దడం తప్ప నేను చేసిందేమీ లేదు.

"చెప్పులు వేసుకుని నిలబడ్డాను
ఒక్కసారి తలెత్తి చూడు
తలుపు తీసే ఉంది, వాన తగ్గింది
పోనీ, పొమ్మనైనా అను."

ఒక్క దెబ్బకు రెండు పిట్టలనుకున్నాను. శంఖం నోరు తెరుస్తుంది, అన్నయ్య చెవులూ తెరుచుకుంటాయి. ఎంత మొద్దుమనిషైనా పెళ్ళాం తనతో అన్న మాట, మొత్తం థియేటర్ ముందు బాణీ కట్టి వినిపిస్తే ఉలిక్కిపడడా? నేను గుర్తుచేసినట్టూ కాదు.

రిహార్సలు రోజున వాన దంచుతోంది. స్టేజి మీద వడ్రంగి కోటగోడకు మేకులు కొడుతున్నాడు. శంఖం గౌను అంచు ఎక్కువైందని పిలిస్తే వదిన వచ్చి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. అన్నయ్య ముందు వరసలో, మడతలు నలగని శాలువా భుజాన వేసుకుని కూర్చున్నాడు. నేను పక్క తెర దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డాను, మాట మరిచిపోతే అందించడానికి.

శంఖం పాడింది. ఆవిణ్ణి ఎన్ని తిట్టినా ఒకటి ఒప్పుకోవాలి, ఆ గొంతులో ఏది పోసినా నిండుతుంది. మొదటి పాదానికే వదిన చేతిలో సూది ఆగింది. రెండో పాదానికి తల పైకెత్తి నావైపు చూసింది. నేను చూపు తిప్పేసుకున్నాను. వడ్రంగి సుత్తి కింద పెట్టాడు.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. గుమ్మంలో నిలబడి అన్నప్పుడు ఒకరికీ పట్టని మాటలకు ఇప్పుడు అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"కవిగారూ!" అన్నాడు సంగీతం మేష్టారు. "ఇదెప్పుడు రాశారండీ?"

అన్నయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి శాలువాతో తుడుచుకున్నాడు. వదిన ఆయన్నే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. అను అన్నయ్యా, ఒక్క ముక్క అను, ఇది మా ఆవిడ మాట అని అను.

"అదే... మొన్న వానలో వచ్చింది" అన్నాడు. "కష్టపడి రాసింది కాదండీ. అలా వచ్చేసింది."

చప్పట్లు కొట్టారు. అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్కటి మార్చాలి. రాణి చెప్పులేమిటండీ, చవకగా! పాదుకలు అందాం."

వదిన నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చింది. అన్నీ అయ్యాక, మోకాళ్ళ మీదినుంచి లేవకుండానే అంది.

"చెప్పులే ఉంచండి."

"నీకు తెలీదులే. ఇది కవిత్వం."

"తెలుసు" అంది వదిన. "చెప్పులే."

మేష్టారు రెండుసార్లు పాడి చూసుకుని, "ఆవిడే రైటు కవిగారూ, పాదుకలు బాణీలో ఇమడదు" అన్నాడు. అన్నయ్య పెద్దమనసు చేసుకుని, సరే, జనం కోసం అలాగే ఉంచండి అన్నాడు. వదిన అంచు మొత్తం కుట్టి, ముడి వేసి, కుట్టుగదిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికొస్తూ గొడుగు కింద అన్నయ్య నా చెవిలో అన్నాడు. "నా చిత్తుకాగితాల్లోంచి ఏరావా? ఎక్కడ దొరికింది? నేనెప్పుడు రాశానో నాకే గుర్తులేదు సుమీ. మంచిపని చేశావు."

అబద్ధమాడి ఉంటే కాస్త గౌరవం మిగిలేది. దొంగకైనా తను దొంగిలించానని తెలుస్తుంది. ఈ మనిషి నిజంగానే తనదనుకుంటున్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఒట్టు గుర్తొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఒట్టు ఒక సాకు. పదేళ్ళుగా ఆయన పేరుకింద అతుకులేస్తూ బతికిన దాన్ని, ఒక్కసారిగా ఎదురు నిలబడే వెన్నెముక నాకెక్కడిది? నోరు మూసుకున్నాను.

నాటకం మొదలైంది. మొదటిరోజే ఆ పాట రెండుసార్లు పాడించుకున్నారు జనం. గేటు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు మళ్ళీ అచ్చు వెయ్యాల్సొచ్చింది. అట్ట మీద అన్నయ్య పేరు ఈసారి బొటనవేలంత అక్షరాల్లో ఉంది. వారం తిరక్కుండా టీ కొట్లో గ్లాసులు కడిగేవాడు కూడా చెప్పులు వేసుకుని నిలబడ్డాననే పాడుతున్నాడు. సంగీతం మేష్టారు పరుగెత్తుకొచ్చి, జనానికి చాలడం లేదు, ఇంకో చరణం కావాలన్నాడు. అన్నయ్య మళ్ళీ బల్ల ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే వదిన వెళ్ళిపోయింది. పెట్టె ఒకటి, సంచీ ఒకటి. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఈసారి ఏమీ అనలేదు. అయినా అడుగుల చప్పుడు విని కాబోలు, అన్నయ్య తలెత్తకుండా చెయ్యి ఊపాడు.

"ఉండు, ఒక్క నిమిషం. వస్తున్నట్టే ఉంది."

వదిన ఒక్క నిమిషం నిజంగానే ఉంది. గోడ గడియారం వైపు చూసి మరీ ఉంది. తర్వాత నావైపు తిరిగి, "వెళ్తున్నా" అంది. వెళ్ళొస్తానని అనలేదు.

పెట్టె అందుకోబోయాను. వద్దన్నట్టు తలూపి, నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళన్నీ ముడిచి గుప్పిట చేసి వదిలేసింది. ఆ చర్య నాకు అప్పుడు అర్థం కానట్టే నటించాను.

చీకటి పడబోతుండగా అన్నయ్య బల్ల ముందునుంచి లేచాడు. కాగితం తెల్లగానే ఉంది. వంటింట్లోకి చూశాడు, దండెం మీద చూశాడు, గుమ్మం పక్కన చెప్పుల చోటు చూశాడు.

"వదినేదీ?"

"వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ కొట్టు చూసుకుంటుందట. ఇక రాదు."

కూర్చున్నాడు. "నాకో మాట చెప్పకుండానా?" అన్నాడు.

"చెప్పింది."

"ఏమని?"

"పాటల పుస్తకంలో ఉంది. పద్నాలుగో పేజీ."

వెర్రిదాన్ని చూసినట్టు నన్ను చూశాడు. అయినా పుస్తకం తీశాడు. తను రాసిన పాటను తనే మెచ్చుకుంటూ చదివే అలవాటు కొద్దీ, పైకే చదవడం మొదలుపెట్టాడు. చెప్పులు వేసుకుని నిలబడ్డాను. ఒక్కసారి తలెత్తి చూడు. తలుపు తీసే ఉంది, వాన... అక్కడ గొంతు ఆగిపోయింది. తలెత్తి గుమ్మం వైపు చూశాడు. తలుపు తీసే ఉంది.

"నాలుగింటి బస్సు రోజు" అన్నాడు.

"ఆఁ."

పుస్తకం మూసేశాడు. అట్టమీద తన పేరు కనబడేసరికి బోర్లా పెట్టాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడిస్తే ఏడవనీ, నాకేం జాలి కలగలేదు, నోటిదాకా వచ్చిన తిట్లన్నీ వరసగా పేర్చుకుని సిద్ధంగా ఉన్నాను. ఇంతలో ఆయన నావైపు తిరిగాడు. ఆ వానాకాలమంతటిలో ఆయన అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

"అయితే నువ్వు పక్కగదిలో ఉండి అంతా విన్నావన్నమాట. లేచి రాలేదేం? నేను రాకపోతే నువ్వైనా దానికి తోడు వెళ్ళుండొచ్చుగా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"ఆ మాటలు బాణీకి అంత సరిగ్గా సరిపోతాయని నీకెప్పుడు తెలిసింది?"

పేర్చుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో. నా కుడిచేతి వైపు చూసుకున్నాను. ఆ రోజు పక్కగదిలో ఆ చెయ్యి ఏం చేస్తూ ఉందో నాకూ, వదినకూ తెలుసు. ఓరగా ఉన్న తలుపులోంచి వదిన నన్ను చూసే ఉంటుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నంతసేపూ, నా బొటనవేలు కణుపు మీంచి కణుపుకు కదులుతూనే ఉంది.

"అప్పుడే" అన్నాను.